కిటికీ గట్టును శుభ్రపరచు విధానము

కిటికీలు తుడుచుటయే వృత్తిగా గలవారు ఇంగ్లండులోను అమెరికాలోను వేలకొలది ఉన్నారు. ఒక బకెట్టు, ఒక నిచ్చెన, నాలుగు గుడ్డలు ఉన్నచో చాలును, ఆ పని ఎవరైనను చేయవచ్చునని పైకి తోచును. కాని ఆ వృత్తిలో ఆరితేరినవాని పనికిని, నిన్న మొన్న చేరినవాని పనికిని గల తారతమ్యము అద్దమునందు అంతగా కనుపింపదు. ఇద్దరు తుడిచిన అద్దములును ఆ పూటకు తళతళలాడుచునే ఉండును. భేదము అద్దము క్రింది గట్టుపై తెలియును. కొత్తవాడు తుడిచిన కిటికీ అడుగున మురికి నీరు నిలిచి, మూలలందు బురద పేరుకొని, గోడమీదికి నల్లని చారలు దిగి ఉండును. అనుభవశాలి తుడిచిన గట్టుమీద తెల్లని గుడ్డ రాచినను మరక అంటదు; వ్రేలితో తాకినను తడి తగులదు.

మన ఇండ్లలో కిటికీ గట్టు బహువిధముల ఉపయోగపడుచుండును. దువ్వెన, తాళపుచెవులు, మందుసీసాలు, పిల్లల పలకలు, పూలకుండీ అన్నియు దానిమీదనే ఉండును. కిటికీ చెంత స్టేషను స్పష్టముగా వినవచ్చునని రేడియోను కూడ పలువురు అచ్చటనే ఉంచుదురు. ఇంతటి ఉపకారము చేయుచున్నను, ఇల్లు శుభ్రపరచునప్పుడు దానిని తలచుకొనువారు తక్కువ. నేలను దినదినము ఊడ్చు ఇల్లాలు సైతము గట్టును పండుగనాటికి వాయిదా వేయుచుండును. ఆ పండుగనాడైనను ఒక తడిగుడ్డతో గబగబ తుడిచి విడిచిపెట్టుట పరిపాటి. ఆ తడిగుడ్డయే చాలవరకు చెరుపు చేయును. అది ఎట్లో, వృత్తిగా ఈ పని చేయువారు అనుసరించు క్రమమెట్టిదో ఇచ్చట వివరించుచున్నాను.

మొదట గట్టు నిర్మాణమును గమనింపవలెను. వాననీరు గదిలోనికి రాక బయటికి జారిపోవుటకై వెలుపలి గట్టును కొంచెము వాలుగా కట్టుదురు. అది గోడకన్న కొంత ముందుకు వచ్చి ఉండును. శ్రద్ధ గల మేస్త్రీ ఆ ముందు అంచు అడుగున, ఈ కొననుండి ఆ కొనవరకు, సన్నని గాడి ఒకటి తీయించును. నీటికి తలతన్యత అను గుణము కలదు. ఆ గుణము వలన నీటిచుక్క అంచు దాటిన వెంటనే రాలిపోక, గట్టు అడుగుభాగమును అంటిపట్టుకొని వెనుకకు ప్రాకి గోడను చేరును. నడుమ గాడి ఉన్నచో ఆ చుక్క దానిని దాటజాలక అచ్చటనే నేలకు రాలును. సాలెగూళ్లు, మట్టి, పొరలు పొరలుగా వేసిన సున్నము ఆ గాడిని పూడ్చివేసినప్పుడు నీరు నిరాటంకముగా గోడలోనికి దిగును. కిటికీ క్రింది గోడ చెమ్మగిల్లి సున్నము పొట్టు రాలుట అనేక గృహములలో చూచుచుందుము. దానికి గోడ తప్పు కాని రంగు తప్పు కాని కారణము కాకపోవచ్చును. వ్రేలు మందము లేని గాడి పూడిపోవుటయే కారణము కావచ్చును.

జరుపు తలుపులు గల అల్యూమినియము కిటికీలకును, ప్లాస్టిక్కు చట్రపు కిటికీలకును ఇట్టి ఏర్పాటే వేరొక రూపమున ఉన్నది. తలుపులు జరుగు గాడిలో చేరిన వాననీరు వెలుపలికి పోవుటకు చట్రము అడుగున చిన్న చిన్న రంధ్రములు ఉండును. వానిని కొందరు తయారీలోని లోపములని భావించి మైనముతోనో సిమెంటుతోనో మూసివేయుదురు. మరికొన్ని యిండ్లలో ధూళి, చచ్చిన ఈగలు, చీమలు తెచ్చిన మట్టి ఆ పని చేయును. అటుపిమ్మట గాలివాన వచ్చిననాడు గాడి నిండి, నీరు గదిలోనికి పొంగును. కనుక గట్టును శుభ్రపరచుట అనగా కంటికి ఇంపుగా ఉంచుట మాత్రమే కాదు. ఇంటినుండి నీరు పోవు దారిని కాపాడుట కూడ అగును.

ఈ వృత్తికి సంబంధించిన పరికరమును గూర్చి కొంత చెప్పవలెను. అద్దముమీది నీటిని లాగివేయుటకు రబ్బరు అంచు గల స్క్వీజీ అను పనిముట్టును వాడుదురు. పూర్వము అమెరికాలో వాడుకలో ఉన్న స్క్వీజీ బరువైన ఉక్కుతో చేసినది. దాని రబ్బరు అరిగినప్పుడు పెక్కు మరలు విప్పిన గాని మార్చుటకు వీలు లేకుండెను. ఇటలీనుండి అమెరికాకు వలస వచ్చి కాలిఫోర్నియాలోని ఓక్లండులో కిటికీలు తుడుచుచు జీవించిన ఎట్టోరే స్టెకోనే అనునతడు 1936లో తేలికైన ఇత్తడి పిడికి ఒకే పలుచని రబ్బరు పట్టీ అమర్చి క్రొత్త స్క్వీజీని రూపొందించెను. నేటికిని వృత్తివారి చేతులలో ఉన్నది చాలవరకు ఆ నమూనాయే. అదే 1936లో ఇంగ్లండున జార్జి ఫార్మ్‌బీ అను హాస్యగాయకుడు కిటికీలు తుడుచువానిపై పాడిన పాట ఒక చలనచిత్రమున వెలువడి జనాదరణ పొందెను. ఆ వృత్తి అచ్చటి ప్రజాజీవితములో ఎంతగా కలిసిపోయినదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

స్క్వీజీ అద్దమును క్షణములో ఆరబెట్టును. కాని అది నీటిని మాయము చేయదు. పైనున్న నీటినంతయు మురికితో సహా క్రిందికి దింపును. ఆ నీరు పడునది గట్టుమీదనే. కాబట్టి అద్దము ఎంత త్వరగా తుడువబడునో, గట్టుకు అంత త్వరగా అపాయము కలుగును. ఈ సంగతి గుర్తెరిగిన పనివాడు స్క్వీజీ చేతబట్టుటకు పూర్వమే గట్టు పొడవునా ఒక పాత తువాలును పరచి, దాని అంచును అద్దపు చట్రమునకు ఆనించి ఉంచును. దిగిన నీటిని ఆ తువాలు పీల్చుకొనును.

ఇక పని క్రమము. దీనిలో ప్రధాన సూత్రము ఒక్కటే: మొదట పొడి పని, పిమ్మట తడి పని, కడపట మరల పొడి పని. గట్టుమీది దుమ్ము పొడిగా ఉన్నంతసేపు కుంచెకు సులభముగా లొంగును. దానిపై తడిగుడ్డ వేసిన మరుక్షణమున అది బురదయై కొయ్యరంధ్రములలోనికి, రాతి సందులలోనికి, చట్రపు మూలలకు చొచ్చుకొనిపోవును. ఆరిన పిమ్మట గట్టిపడి, గోటితో గీకిన గాని రాదు. మన ఇండ్లలో కిటికీ మూలలందు నల్లగా పేరుకొని ఉండు పొర చాలవరకు ఈ విధముగా తడిగుడ్డ తయారుచేసినదే.

మొట్టమొదట గట్టుమీది వస్తువులనన్నింటిని తీసివేయవలెను. రేడియో ఉన్నచో దాని తీగను ప్లగ్గునుండి ఊడదీసి దూరముగా ఉంచవలెను. తడిచేతులతో విద్యుత్పరికరములను ముట్టరాదు. కిటికీ తెరలను పైకి ముడివేయవలెను. క్రింద నేలపై పాతబట్ట పరువవలెను. పిమ్మట మెత్తని వెడల్పు కుంచె నొకదానిని తీసికొని పైనుండి క్రిందికి రావలెను. చట్రము పైభాగము, ఊచలు, దోమలు రాకుండ బిగించిన జాలీ, బందులు, గడియ అన్నియు వరుసగా దులిపి, చిట్టచివరకు గట్టును చేరవలెను. గట్టుమీద కుంచెను మూలలనుండి నడుమకు నడిపించి, పోగైన ధూళిని చేటలోనికి ఎత్తవలెను. వాక్యూమ్ క్లీనరు ఉన్నవారు సన్నని మూతి తగిలించి లాగించినచో మరియు మంచిది. నోటితో ఊదుట, గుడ్డతో తపతప కొట్టుట పనికిరావు. అట్లు లేచిన దుమ్ము గదియంతయు తిరిగి మరల గట్టుమీదనే వాలును. కొంత మన ఊపిరితిత్తులలో చేరును.

మూలలకు పాత పళ్లబ్రష్షు చక్కగా పనికివచ్చును. తలుపులు జరుగు సన్నని గాడిలోనికి వెదురు పుల్లకు గుడ్డముక్క చుట్టి జొనిపి తీయవచ్చును. ఇనుప చాకు, స్క్రూడ్రైవరు వంటి వానిని వాడరాదు. అవి రంగును, అల్యూమినియము పైపూతను గీచివేయును. గీత పడినచోట తుప్పునకో మురికికో స్థానము దొరకును.

తడి పనికి రెండు బకెట్లు, రెండు జతల గుడ్డలు కావలెను. ఒక జత అద్దమునకు, ఒక జత గట్టునకు. గట్టుమీది ధూళిలో కంటికి కనుపింపని ఇసుకరేణువులు ఉండును. ఆ గుడ్డతో అద్దమును రుద్దినచో సన్నని గీతలు పడును. అవి ఎన్నటికిని పోవు. పొరపాటు రాకుండుటకై రెండు వేర్వేరు రంగుల గుడ్డలను ఎన్నుకొనుట మంచి పద్ధతి. బకెట్టు నీటికి పాత్రలు తోము ద్రవసబ్బు కొన్ని చుక్కలు చాలును. నురుగు అధికమైనకొలది పని బాగుగా జరుగుననుట భ్రమ. మిగిలిన సబ్బు జిడ్డుపొరగా నిలిచి క్రొత్త దుమ్మును పట్టి ఉంచును.

మొదట చట్రమును తుడువవలెను. పిమ్మట గట్టుమీద తువాలు పరచి అద్దమును తడిపి, స్క్వీజీతో పైనుండి లాగవలెను. పైఅంచున అంగుళము వెడల్పున ముందుగా గుడ్డతో ఆరబెట్టినచో అచ్చటినుండి చుక్కలు కారవు. ప్రతి లాగుడు పూర్వపు దానిని కొంచెము కప్పుచుండవలెను. ప్రతి లాగుడునకు రబ్బరు అంచును తుడుచుకొనుచుండవలెను. అడుగంచున సన్నని నీటిగీత ఒకటి మిగులును. దానిని విడిచినచో అది మెల్లగా జారి గట్టును చేరును. కనుక పొడిగుడ్డను వ్రేలికి చుట్టి ఆ అంచు వెంబడి ఒకసారి నడుపవలెను. స్క్వీజీ లేని ఇండ్లలో మెత్తని నూలుగుడ్డతోనైనను ఇదే క్రమము.

ఇప్పుడు గట్టు వంతు. నీరు పీల్చిన తువాలును లోనికి మడచి, మురికి నీరు కారకుండ తీసివేయవలెను. గట్టు గుడ్డను సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండి, నాలుగు మడతలు చేయవలెను. అట్లు మడచిన గుడ్డకు తిరుగవేయుచు పోయినచో ఎనిమిది శుభ్రమైన ముఖములు దొరకును. ఒక ముఖము మలినముకాగానే మరియొకటి వాడవలెను. అద్దము దగ్గరనుండి మన వైపునకు, మూలలనుండి నడుమకు తుడువవలెను. వెలుపలి గట్టును కూడ ఇట్లే తుడుచుచు, మురికి నీరు అంచు దాటి గోడపై దిగకుండ చూడవలెను. పిమ్మట మంచినీటితో తడిపిన గుడ్డతో సబ్బును తీసి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టవలెను. చేతికి అందినచో అంచు అడుగున ఉండు గాడిని కూడ పళ్లబ్రష్షుతో ఒకసారి రాచవలెను. జరుపు తలుపుల కిటికీ అయినచో గాడిలో అరగ్లాసు నీరు పోసి, అది రంధ్రములగుండా బయటికి పోవుచున్నదో లేదో పరీక్షింపవలెను. తలుపులను వెంటనే మూయక కొంతసేపు గాలి ఆడనీయవలెను.

వెంటనే ఆరబెట్టవలెననుటకు కారణము కలదు. బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరిగి ఉండును. నీరు ఆవిరియై పోవును, లవణములు పోవు. అవియే తెల్లని మచ్చలై నిలుచును. ఇంగ్లండులో గత కొన్ని దశాబ్దములుగా వృత్తివారు ఈ చిక్కును వేరొక విధముగా పరిష్కరించుకొనిరి. లవణములను పూర్తిగా తొలగించిన శుద్ధజలమును బండిలో తెచ్చుకొని, పొడవైన బోలు కఱ్ఱ చివర బ్రష్షు అమర్చి, నేలపై నిలిచియే మేడ కిటికీలను కడుగుదురు. ఆ నీరు తుడువకుండ ఆరినను మచ్చ పడదు. అయితే ఆ విధానములో సైతము గట్టును నిర్లక్ష్యము చేయుటకు వీలు లేదు. మురికిగట్టుపై పడిన నీరు ఎగసి, శుభ్రమైన అద్దముమీద తుంపరలుగా పడును. కనుక వారు గట్టును బ్రష్షుతో తోమిన పిదపనే అద్దమును కడసారి కడుగుదురు.

గట్టు ఏ పదార్థముతో చేయబడినదో తెలిసికొనుట మరియొక ముఖ్యవిషయము. అద్దమునకు నిమ్మరసము, వెనిగరు వాడుట పలువురికి తెలిసిన చిట్కా. అద్దమునకు దానివలన హాని లేదు. కాని తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప నల్లబండ ఇవియన్నియు సున్నపురాతి జాతివి. పాలరాయియు ఆ కుటుంబమునకు చెందినదే. ఆమ్లము తగిలినచో సున్నపురాయి కరుగును. నునుపు పోయి తెల్లని మసకమచ్చ ఏర్పడును. ఆ మచ్చను తుడిచి పోగొట్టలేము. రాతిని మరల నునుపు పట్టింపవలసినదే. అద్దమునకు చల్లిన నిమ్మరసము కారి పడునది ఈ బండలమీదనే గదా! కాబట్టి అట్టి గట్టు గల ఇండ్లలో సబ్బునీరే ఉత్తమము. మరుగుదొడ్లు కడుగు ఆసిడ్డును కిటికీ దరిదాపులకు రానీయరాదు. గ్రానైటు ఆమ్లమును చాలవరకు తట్టుకొనును; అయినను దానికిని సబ్బునీరు చాలును.

కొయ్యగట్టునకు నీరే శత్రువు. రంగు పగిలినచోట నీరు లోనికి దిగి కొయ్య ఉబ్బును, కొంతకాలమునకు మెత్తబడి పుచ్చును. అందుచే గుడ్డను బాగుగా పిండి వాడవలెను, వెంటనే ఆరబెట్టవలెను. అల్యూమినియమునకు సోడా, సున్నము వంటి క్షారములు పనికిరావు. అవి లోహమును తినివేయును. వెల్ల వేయునప్పుడు చింది పడిన సున్నమును ఆరకముందే తుడిచివేయుట మేలు. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి వలన ఇనుప ఊచలు, లోహపు చట్రములు త్వరగా చెడును. అచ్చటివారు మంచినీటి గుడ్డతో తరచుగా తుడుచుట లాభకరము. వానకాలమున గట్టుమూలల పట్టు బూజును సబ్బునీటితో తోమి, పూర్తిగా ఆరనిచ్చినచో పోవును. బ్లీచింగు ద్రవము వాడదలచువారు దానితో ఆమ్లమును గాని అమ్మోనియా గల ద్రవమును గాని ఎన్నడును కలుపరాదు. ఆ కలయికవలన విషవాయువులు పుట్టును.

మొదట పొడి పని అను సూత్రమునకు రెండు మినహాయింపులు కలవు. ఆ రెండును ఆరోగ్యమునకు సంబంధించినవి కనుక శ్రద్ధగా గమనింపగోరుదును.

మొదటిది పావురముల రెట్ట. నగరములలో మేడల గట్టులు నేడు పావురములకు నివాసములైనవి. ఎండిన రెట్టను పొడిగా గీకినచో దాని పొడి గాలిలో కలసి ఊపిరితో లోనికి పోవును. అందు శ్వాసకోశ వ్యాధులు కలిగించు శిలీంధ్రములు, సూక్ష్మక్రిములు ఉండుటకు అవకాశమున్నది. వృద్ధులకు, ఉబ్బసము గలవారికి, ఇతర వ్యాధులచే బలహీనులైనవారికి ప్రమాదము అధికము. కనుక ముందుగా సబ్బునీటితో తడిపి, బాగుగా నాననిచ్చి, అట్టముక్కతో ఎత్తి సంచిలో మూటగట్టి పారవేయవలెను. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ధరింపవలెను. పని ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

రెండవది పాత రంగు. ఒకప్పుడు రంగులలో సీసము విరివిగా కలుపుచుండిరి. కిటికీ తలుపు తెరచి మూయునప్పుడెల్ల చట్రముతో ఒరసికొని, రంగు సన్నని పొడియై రాలును. ఆ పొడి చేరునది గట్టు మీదికే. సీసపు ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటు కలిగించును. దానికి సురక్షితమైన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పిల్లలు కిటికీ గట్టు పట్టుకొని నిలిచి వీధి చూచుట, ఆ చేతులనే నోట పెట్టుకొనుట ప్రతి యింట జరుగునదే. అమెరికాలో ఇండ్లలో వాడు సీసపు రంగులను 1978లో నిషేధించిరి. అయినను పాత ఇండ్లలో ఆ రంగు మిగిలియున్నందున, 2001లో అచ్చటి ప్రభుత్వము నేలకు వేరుగా, కిటికీ గట్టుకు వేరుగా సీసపుధూళి పరిమితులను నిర్ణయించినది. గట్టునకు చదరపు అడుగునకు 250 మైక్రోగ్రాములుగా ఉన్న ఆ పరిమితిని 2019లో 100కు తగ్గించిరి. మన దేశములో ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల భాగములలో 90 భాగములకు మించరాదని 2016లో నిబంధనలు చేయబడినవి. కనుక అంతకు పూర్వము రంగువేసిన కిటికీలను అనుమానించుటయే క్షేమము. రంగు పెచ్చులూడుచున్న గట్టును ఊడ్వరాదు, గరుకు కాగితముతో రుద్దరాదు. సబ్బునీటి గుడ్డతో మెల్లగా తుడిచి, నీటిని మార్చుచు, ఆ గుడ్డను ఇతర పనులకు వాడక పారవేయవలెను. పని జరుగుచున్నంతసేపు పిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు.

గట్టును గూర్చిన మరియొక మాట అన్నింటికన్న ముఖ్యమైనది. గట్టు నిలుచుటకు కట్టినది కాదు. 1931లో న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనము వెలసిన కాలమున, కిటికీలు తుడుచువారు నడుమునకు తోలు పట్టీ బిగించుకొని, దాని కొనలను కిటికీకి ఇరుప్రక్కల గోడలో నాటిన కొక్కెములకు తగిలించి, వెలుపలి గట్టుపై నిలిచి, వీథికి వందల అడుగుల ఎత్తున పని చేయుచుండిరి. పట్టీ తెగినను, కొక్కెము ఊడినను మరణమే. అట్టి ప్రమాదముల మూలముననే క్రమముగా కట్టుదిట్టములు హెచ్చినవి. బ్రిటనులో 2005లో వచ్చిన నిబంధనల ప్రకారము, నేలపైనుండి చేయుటకు వీలైన పనికి ఎవరిని ఎత్తునకు ఎక్కింపరాదు. నేలపైనుండియే కడుగు పొడవు కఱ్ఱల విధానము అచ్చట వ్యాపించుటకు ఇదియు ఒక కారణము.

మన నగరములలో మాత్రము నాలుగవ అంతస్తు కిటికీ వెలుపల, ఏ ఆధారమును లేక గట్టుపై నిలిచి అద్దము తుడుచువారిని నేటికిని చూచుచున్నాము. వారిలో చాలమంది పనిమనుషులు. ఇంటి యజమానురాలు అడిగినప్పుడు కాదనలేని స్థితి వారిది. తడిసిన గట్టు, సబ్బునీరు, వాలు, ఈ మూడును కలసినచోట కాలు జారుటకు క్షణము చాలును. లోపల నిలిచి చేయి చాపినంతమేర తుడువవచ్చును. జరుపు తలుపులలో పెక్కింటిని పైకెత్తి గాడినుండి తప్పించి, గదిలోనికి తెచ్చి కడుగవచ్చును. పొడవు పిడి గల స్క్వీజీలు అంగడిలో దొరకుచున్నవి. ఇవేవియు సాధ్యముకానిచో ఆ అద్దము మురికిగా ఉండుటకు అనుమతింపవలెను. లేదా తగిన త్రాళ్లు, పట్టీలు గల వృత్తివారిని పిలువవలెను. మనము ఎక్కజాలని గట్టును మన యింట పనిచేయువారిని ఎక్కుమనుట న్యాయము కాదు.

పూర్వము ఇంగ్లండు ఉత్తరభాగమున లాంకషైరు, యార్కుషైరు మిల్లు పట్టణములలో బొగ్గుపొగ మసి ఇండ్లన్నింటిని కప్పివేయుచుండెను. ఆ పట్టణముల కార్మిక స్త్రీలు వాకిటి మెట్టును, కిటికీ రాతిగట్టును తోమి, డాంకీ స్టోన్ అను రాతిబిళ్లతో అంచులకు తెల్లగానో గోధుమవన్నెగానో వన్నె పెట్టుచుండిరి. పాతబట్టలు కొనువాడు బట్టలకు మారుగా ఆ బిళ్లలను ఇచ్చెడివాడు. మరునాటికే మసి మరల కమ్ముకొనునని తెలిసియు వారు ఆ పని మానలేదు. తెల్లవారుజామున వాకిలి చిమ్మి ముగ్గుపెట్టు మన స్త్రీలకు వారి మనస్సు సులభముగా అర్థమగును.

ఎంతకాలమునకు ఒకసారి ఈ పని చేయవలెనన్నది ఇంటి స్థానమునుబట్టి ఉండును. రద్దీ వీథి ప్రక్కనున్న ఇంటికి వారమునకొకసారి పొడికుంచె తప్పదు. చెట్ల నడుమనున్న ఇంటికి అంత అవసరముండదు. తడి పని నెలకొకసారి చాలును. కాని తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన పిదప ఒకసారి గట్టు వాలును, అడుగు గాడిని, చట్రపు రంధ్రములను పరీక్షించుట మాత్రము మరువరాదు. తొలివాన కురిసిననాడు కిటికీ చెంత నిలిచి, నీరు ఎటు పోవుచున్నదో గమనింపుడు. అంచునుండి చుక్కలు వరుసగా నేలకు రాలుచున్నచో గట్టు సరిగా ఉన్నట్లే. గోడమీదుగా దిగుచున్నచో పళ్లబ్రష్షుతో పని మిగిలియున్నదని అర్థము.